జాక్ అనే పనివాడు

తెలుగులో ఎవరినైనా వాళ్ల స్థాయికి మించి పైకెత్తాలంటే జాకీలు కావాలి. సినిమా మూడో రోజుకే హాళ్లు ఖాళీ అయినా పొగడ్తల పోస్టర్లు ఆగకపోతే "ఎన్ని జాకీలు పెట్టి లేపుతారయ్యా" అంటారు. ఎన్నికలొస్తే ఈ జాకీలు పార్టీ ఆఫీసులకు చేరతాయి. మాటకు మూలం మాత్రం లారీల దగ్గరే ఉంది. టైరు పంక్చరైతే క్లీనరు ముందుగా బయటికి తీసేది జాకీ. ఇరుసు కింద పెట్టి రాడ్డు ఆడిస్తే సరుకుతో నిండిన బండి ఒక పక్కకి నెమ్మదిగా లేస్తుంది. ఇంగ్లీషువాళ్లు దాన్నే జాక్ అంటారు. జాక్ అంటే వాళ్ల ఊళ్లలో మనిషి పేరు. ఇనుప సామానుకు మనిషి పేరు పెట్టడం వెనక ఒక పాత లెక్క ఉంది. అది యజమానుల లెక్క.

జాక్ అసలు జాన్. హీబ్రూలో యోహానాన్, అంటే దేవుడు కరుణించాడని. అది లాటిన్ మీదుగా ఇంగ్లండ్ చేరి జాన్ అయింది. మధ్యయుగపు ఇంగ్లీషులో పేరు చివర 'కిన్' తగిలించి ముద్దుగా పిలిచేవాళ్లు. జాన్ కాస్తా జాన్‌కిన్, నోట్లో నలిగి జాకిన్, ఇంకా అరిగి జాక్. ఫ్రెంచి ఝాక్ (Jacques) నుంచి వచ్చి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. వినడానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ ఝాక్ అంటే యాకోబు, జాన్ అంటే యోహాను. మన క్రైస్తవ కుటుంబాల్లో యోహానునూ యాకోబునూ ఎవరూ కలిపేయరు కదా. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయానికి పెద్దగా ఉన్న నికల్సన్ 1892లో ఈ ఒక్క పేరు వంశవృక్షం మీద పుస్తకమే వేసి, జాక్ పుట్టిల్లు జాన్ ఇల్లేనని వాదించాడు.

పద్నాలుగో శతాబ్దానికి ఇంగ్లండ్‌లో వీధికి పదిమంది జాన్‌లు. అంతమంది ఉన్న పేరు ఒక మనిషికి గుర్తుగా మిగలదు, ఒక తరగతికి గుర్తవుతుంది. జాక్ అంటే ఎవడో ఒకడు, పొలంలోనో వంటింట్లోనో గుర్రాలశాలలోనో ఉండే కుర్రాడు, పిలిస్తే పలికేవాడు. మనకు అలాంటివాడు పుల్లయ్య. రేపు వేమవరం వెళ్లాలిరా అని రాత్రి యజమాని అంటే, పనేమిటో అడక్కుండా తెల్లారేలోగా వెళ్లి తిరిగొచ్చేసిన ఆ పుల్లయ్యే. ఎవరి పుల్లయ్య, ఇంటిపేరేమిటి అని మనం అడగం. చెప్పిన పని చేస్తాడు, అది చాలు. ఇంగ్లీషు దొరలకు జాక్ కూడా అంతే. కాకపోతే మన పుల్లయ్య సామెతలో ఆగిపోయాడు, వాళ్ల జాక్ సామాన్లలోకి ఎక్కాడు.

ఎక్కే ముందు ఒకసారి తిరగబడ్డాడు కూడా. 1381లో తలపన్ను భరించలేక ఇంగ్లండ్ రైతులు లండన్ మీదికి నడిచినప్పుడు ఒక నాయకుడి పేరు జాక్ స్ట్రా, అంటే గడ్డి జాక్. ఆ తిరుగుబాటుకు ప్రాణం పోసిన బోధకుడు జాన్ బాల్ పేరుతో తిరిగిన లేఖల్లో మర పట్టే జాక్, బండి తోలే జాక్ కనిపిస్తారు. వీళ్లు మనుషులా, మారుపేర్లా అన్నది పక్కన పెడితే, పనివాళ్లందరి తరఫున మాట్లాడటానికి ఆ పేరు సరిపోతుందని అప్పటికే అందరికీ తెలుసు. అంతకు కొన్నేళ్ల ముందు 1358లో ఫ్రాన్స్ రైతులు లేచినప్పుడు అక్కడి ప్రభువులు దానికి ఝాకెరీ అని పేరు పెట్టారు. రైతును ఝాక్ అని వెక్కిరించే అలవాటు వాళ్లది. పేర్ల పుట్టుక వేరైనా రెండు దేశాల్లోనూ తరగతి ఒకటే.

పేరు మనిషిని వదిలి సామానుకు అంటుకున్నది ముఖ్యంగా వంటింట్లో. పెద్ద ఇళ్లలో మాంసాన్ని ఇనుప చువ్వకు గుచ్చి నిప్పుల ముందు గంటల తరబడి తిప్పాలి. ఆగితే ఒక పక్క మాడుతుంది. ఎనిమిదో హెన్రీ రాజు వంటశాలల్లో ఈ పని కుర్రాళ్లది. ఆ వేడికి వాళ్లు ఒంటి మీద గుడ్డ ఉంచుకోలేకపోయేవాళ్లు. దాంతో 1526లో రాజమందిర నిబంధనలు తిరగరాసినప్పుడు, వంటింటి కుర్రాళ్లు దిసమొలతోనో చింకిపాతలతోనో తిరగకూడదని ప్రత్యేకంగా ఒక షరతు చేర్చారు. వేడి తగ్గించే ఏర్పాటు మాత్రం ఆ నిబంధనల్లో లేదు. తరవాత కుర్రాడి బదులు కుక్క వచ్చింది. గోడకు బిగించిన చక్రంలో పొట్టికాళ్ల కుక్కను పరిగెత్తిస్తే చువ్వ తిరిగేది. 1570లో జాన్ కైయస్ అనే వైద్యుడు ఇంగ్లండ్ కుక్కల మీద రాసిన పుస్తకంలో ఈ జాతిని వర్ణించాడు. ఆ జాతి ఇప్పుడు లేదు. వేల్స్‌లోని ఆబెర్గవెన్నీ మ్యూజియంలో గడ్డి కూరి నిలబెట్టిన ఒకటి మాత్రం ఉంది.

ఆ తరవాత బరువు కట్టిన తాడు, పళ్లచక్రాలు, పొగగొట్టంలో పైకెగసే వేడిగాలికి తిరిగే రెక్కలు. ఇవన్నీ చువ్వ తిప్పే యంత్రాలే. పదహారో శతాబ్దం చివరికల్లా వీటి పేరు జాక్. కుర్రాడు చేసే పని యంత్రం చేస్తోంది కాబట్టి కుర్రాడి పేరే యంత్రానికి. బూట్లు లాగిపెట్టే నౌకరు బదులు గుమ్మం దగ్గర ఉంచిన చీలిక చెక్క బూట్‌జాక్ అయింది. మడమ అందులో ఇరికించి లాగితే బూటు ఊడొస్తుంది, ఎవరూ వంగక్కర్లేదు. యజమాని దృష్టిలో మారింది పనివాడు కాదు, ఆ పనివాడికి పెట్టే తిండి ఖర్చు. దీన్ని నేను కాస్త కటువుగా చెబుతున్నానేమో గాని, పెట్టిన పేరు అంతకన్నా కటువైనది.

గంట కొట్టేవాడూ ఇలాగే బొమ్మయ్యాడు. వెల్స్ చర్చిలో పద్నాలుగో శతాబ్దం చివరి నాటి గడియారం పైన జాక్ బ్లాండిఫర్ అనే చెక్కబొమ్మ కూర్చుని, పావుగంటకోసారి మడమలతో గంటలను తన్నుతుంది. సౌత్‌వోల్డ్ అనే సముద్రపు ఊళ్లో కవచం తొడిగిన ఓక్ చెక్క సైనికుడు గంట కొడతాడు. అతనూ జాకే. ఆ కాలపు తీగవాద్యాల లోపల, మీట నొక్కగానే లేచి తీగను మీటే చిన్న చెక్కముక్క పేరు కూడా జాక్. షేక్స్‌పియర్‌ను తిరగేస్తే గడియారం జాక్, వాద్యంలో జాక్, బంతులాటలో గురిగా పెట్టే చిన్న బంతి జాక్, నోటి దురుసు జాక్ అందరూ తలో చోట తగులుతారు.

ఇక బరువులెత్తే జాక్. పని పాతది, పేరే కొత్తగా వచ్చింది. పదమూడో శతాబ్దపు ఫ్రాన్సువాడు విల్లార్ ద్ హొన్నెకూర్ బొమ్మల పుస్తకంలో మరచుట్టుతో బరువులెత్తే సాధనం ఉంది. పదిహేనో శతాబ్దం చివర లియొనార్డో డా విన్సీ పళ్లచక్రాల జాకీలను బొమ్మగీశాడు. బండి చక్రం మార్చేటప్పుడు ఇరుసు కింద భుజం పెట్టే కుర్రాడి స్థానంలో ఈ సాధనం వచ్చాక ఇంగ్లీషులో అది కూడా జాక్ కింద చేరింది.

దీని బలం మాయ కాదు, బేరం. ముప్పై సెంటీమీటర్ల పిడి పట్టుకుని ఒక చుట్టు తిప్పితే చెయ్యి దాదాపు 188 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. మరచుట్టు ఎడం ఆరు మిల్లీమీటర్లయితే బరువు లేచేది ఆ ఆరు మిల్లీమీటర్లే. చెయ్యి నడిచిన దూరం బరువు లేచిన దూరానికి మూడొందల రెట్లు పైమాట, కాబట్టి కాగితం మీద బలం కూడా అన్ని రెట్లు పెరగాలి. ఘర్షణ అందులో సగానికి పైగా తినేస్తుంది. తినెయ్యడమే మేలు. ఆ ఘర్షణ వల్లే చెయ్యి తీసేసినా మర వెనక్కి తిరగదు, బండి మీద పడదు. ఇంజనీర్లు నష్టం కింద రాసే లెక్క ఇక్కడ బండి కింద పడుకున్న మెకానిక్ ప్రాణం కాపాడుతుంది.

స్క్రూ జాకీ ఎంత పని చేయగలదో చూడాలంటే షికాగో చరిత్ర చదవాలి. ఆ ఊరు సరస్సు పక్కన చిత్తడి నేలలో, నీటిమట్టానికి కాస్తంత పైన పుట్టింది. మురుగు పోయే దారి లేదు. 1854లో కలరా చాలామందిని తీసుకుపోయింది. భూగర్భ కాలువలు వేయాలంటే తవ్వడానికి లోతు లేదు. ఇంజనీరు ఎలిస్ చెస్‌బ్రో కాలువల్ని నేల మీదే వేసి, వాటి మీద మట్టి పోసి వీధుల్నే ఎత్తు చేయమన్నాడు. మరి ఇళ్లు? ఇళ్లనూ ఎత్తారు. 1858 జనవరిలో నాలుగంతస్తుల ఇటుక భవనాన్ని, 750 టన్నుల బరువుది, రెండొందల జాకీలతో ఆరడుగుల రెండంగుళాలు లేపారు. 1860లో లేక్ స్ట్రీట్‌లో 320 అడుగుల పొడవున్న దుకాణాల వరసను మొత్తంగా ఒకేసారి ఎత్తారు. అంచనా బరువు 35,000 టన్నులు, ఆరు వేల జాకీలు, ఆరువందల మంది. సంకేతం వినపడగానే ప్రతివాడూ తన ముందున్న జాకీలను ఒక్కో పాటు తిప్పాలి. అయిదు రోజుల్లో నాలుగడుగుల ఎనిమిదంగుళాలు లేచింది. దుకాణాలు తెరిచే ఉన్నాయి. మరుసటి ఏడాది ట్రెమాంట్ హౌస్ హోటల్‌ను అతిథులు లోపల ఉండగానే లేపారు. ఇలా ఇళ్లెత్తి పేరు తెచ్చుకున్న కాంట్రాక్టర్లలో జార్జ్ పుల్‌మన్ ఒకడు, తరవాత రైలు పడక పెట్టెలతో కోటీశ్వరుడయ్యాడు. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఇల్లు పల్లంలో పడ్డాక, వానాకాలం నీళ్లకు భయపడి జాకీలతో ఇళ్లు లేపించుకోవడం ఇప్పుడు మన ఊళ్లలోనూ చూస్తున్నాం. జబ్బూ మందూ రెండూ పాతవే.

నూనెతో నడిచే జాకీకి మూలం 1795లో జోసెఫ్ బ్రామా పేటెంటు తీసుకున్న హైడ్రాలిక్ ప్రెస్. న్యూయార్క్‌లో రిచర్డ్ డజన్ 1851లో దాన్ని చేత్తో మోసుకెళ్లే సైజుకు తెచ్చాడు. దాని ప్రతాపం లోకానికి తెలిసింది మాత్రం థేమ్స్ ఒడ్డున. బ్రూనెల్ కట్టిన గ్రేట్ ఈస్టర్న్ అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడ, 692 అడుగులు. 1857 నవంబరు 3న నీళ్లలోకి దించబోతే కదలలేదు. బర్మింగ్‌హామ్‌కు చెందిన టాంగీ సోదరుల హైడ్రాలిక్ జాకీలతో వారాల తరబడి అంగుళాల చొప్పున తోస్తూ తోస్తూ 1858 జనవరి 31కి నీళ్లలో పడేశారు. ఓడ ప్రయాణికుల వ్యాపారంలో నష్టపోయింది, టాంగీలు బాగుపడ్డారు. ఆ ఓడే తరవాత 1870లో బొంబాయి నుంచి ఏడెన్‌కు సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేసింది.

ఆ టాంగీల పుట్టిల్లు కార్న్‌వాల్, తగరం రాగి గనుల సీమ. గనులు మూతపడుతున్న కొద్దీ అక్కడి మనుషులు ప్రపంచమంతా చెదిరారు. వెళ్లిన ప్రతి చోటా వాళ్లకు పడ్డ పేరు కజిన్ జాక్. మేస్త్రీ ఇంకో మనిషి కావాలంటే, మా ఊళ్లో మా కజిన్ జాక్ ఉన్నాడండీ అని ప్రతివాడూ చెప్పేవాడట, అందుకని. అమెరికా గనుల్లో ఒంటిచేత్తో కొట్టే సుత్తి సింగిల్ జాక్, రెండు చేతుల సుత్తి డబుల్ జాక్. ఈ కజిన్ జాక్‌లు మనకు మరీ దూరం వాళ్లేం కాదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు బంగారు గనులు చేపట్టినప్పుడు మేస్త్రీలుగా వచ్చినవాళ్లలో కార్న్‌వాల్ గనివాళ్లున్నారు. లోపలికి దిగిన కూలీల్లో చిత్తూరు, ఉత్తరార్కాటు వైపుల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు, తమిళులు ఉన్నారు. 2001లో మూతపడేదాకా ఆ గనుల్లో చేసిన చాకిరీకి ఎవరి పేరు ఏ సాధనానికీ పెట్టలేదు.

పేకాటలో జాక్‌కు పెద్దరికం రావడం వెనక కథ వేరు. మనం ఆసు, రాజు, రాణి, జాకీ అంటున్న ఆ నాలుగోవాడిని ఇంగ్లీషులో మర్యాదస్తులు నేవ్ అనేవాళ్లు. ఆ మాటకు ముందు కుర్రాడనీ తరవాత తుంటరి అనీ అర్థం. జాక్ అనడం నాటు. డికెన్స్ 1860-61లో రాసిన గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్‌లో కమ్మరి ఇంట్లో పెరిగిన పిప్ ఆ ముక్కను జాక్ అన్నందుకు పెద్దింటి పిల్ల ఎస్టెల్లా ఎగతాళి చేస్తుంది, వాడు రాత్రంతా దానికే కుమిలిపోతాడు. నాటుమాట గెలవడానికి సాయపడింది అచ్చుయంత్రం. ముక్క మూలన అక్షరం వేయాల్సి వస్తే రాజుకు కె, నేవ్‌కు కె పక్కన ఎన్. చేతిలో ముక్కలు విసనకర్రలా పట్టుకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. 1860లలో అమెరికాలో పేకలు అచ్చేసే శామ్యూల్ హార్ట్ జె అక్షరం వేశాడు, గొడవ వదిలింది. రమ్మీ ఆడేవాళ్లకు ఇంకో కబురు. జోకర్ కూడా జాక్ పక్కవాడే. యూకర్ అనే ఆటలో అందరినీ కొట్టే ముక్క జాక్. దాని పేరు బవర్, జర్మన్‌లో రైతు అనే మాట నుంచి వచ్చింది. దాన్ని కూడా కొట్టే ముక్క కావాలని అదనంగా చేర్చినదే తరవాత జోకర్ అయింది. జాక్‌పాట్ పోకర్ నుంచి వచ్చింది. చేతిలో కనీసం ఒక జత జాక్‌లు లేనిదే పందెం తెరవకూడదన్నది నియమం. ఎవరికీ పడకపోతే మధ్యలో డబ్బు పెరుగుతూ పోతుంది.

టెలిఫోను జాక్‌కు మాత్రం పనివాడితో నేరుగా సంబంధం లేదు. మడతపెట్టే చాకును అమెరికాలో జాక్‌నైఫ్ అంటారు. 1870ల చివర, టెలిఫోను ఎక్స్‌ఛేంజీలు మొలకెత్తుతున్న రోజుల్లో, చార్లెస్ స్క్రిబ్నర్ చేసిన స్విచ్ ఆ చాకులా మడత పడేది, అందుకని జాక్‌నైఫ్ స్విచ్ అన్నారు. తరవాత రూపం మారి గొట్టమూ కన్నమూ అయినా పేరులో సగం మిగిలింది. ఆపరేటరమ్మాయిలు బోర్డు మీద గుచ్చిన ఆ పావంగుళం పిన్నే ఇప్పటికీ ఎలక్ట్రిక్ గిటారుకు తగిలిస్తున్నారు. దాని చిన్న తమ్ముడు 3.5 మిల్లీమీటర్లది, మన హెడ్‌ఫోన్లది. 2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ దాన్ని పీకేసినప్పుడు జనం గోల పెట్టారు.

చిన్నదనీ తక్కువదనీ చెప్పడానికి కూడా జాక్ వాడారు. ఓడ ముక్కు మీద ఎగరేసే చిన్న జెండా జాక్, యూనియన్ జాక్ అందులోంచే. పాత కచేరీల్లో, రైల్వే కట్టడాల్లో తల పైకెత్తితే ఇనుప దూలాల మధ్య వరసగా ఇటుక కమాన్లు కనిపిస్తాయి. మన ఇంజనీర్లు వాటిని జాక్ ఆర్చ్ రూఫ్ అంటారు. వంతెన కట్టే కమాను కాదు, దూలం చాటున బరువు మోసే బుల్లి కమాను. వడ్రంగి నున్నటి చిత్రిక పట్టే ముందు మొరటు పని చేయించే చిత్రిక జాక్ ప్లేన్. చిత్తడి నేలల మీద రాత్రుళ్లు మెరిసే కొరివిదెయ్యం వాళ్లకు లాంతరు పట్టుకున్న జాక్. హాలోవీన్ గుమ్మడికాయలోకి ఆ దీపం చాలా తరవాత చేరింది.

అన్ని పనులూ చేసేవాడు జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్. పదిహేడో శతాబ్దం మొదట్లో ఈ మాట పుస్తకాలకెక్కింది. ఏ పనీ పూర్తిగా రానివాడన్న తోక పద్దెనిమిదో శతాబ్దంలో తగిలించారు. ఈ మధ్య వాట్సాప్‌లో ఇంకో తోక తిరుగుతోంది, ఒకే పని వచ్చినవాడికన్నా ఇతనే నయమని. అదే అసలు పాఠమనీ, మనం సగమే విన్నామనీ దబాయింపు. పాత పుస్తకాల్లో ఎక్కడా లేదు. బహుశా ఉద్యోగం మారిన ఎవరో ఓదార్పుకు రాసుకున్నదై ఉంటుంది.

స్కాట్లండ్‌లో జాక్‌ను జాక్ అనరు, జోక్ అంటారు. ముద్దుగా జోకీ, జాకీ. గుర్రాల దగ్గరి కుర్రాళ్ల పేరై, పదిహేడో శతాబ్దంలో పందెపు రౌతు పేరయింది. గుర్రం పోయి గ్రామఫోను రికార్డు వస్తే డిస్క్ జాకీ. పెళ్లి ఊరేగింపులో చెవులు చిల్లులు పొడిచే డీజే ఆయనే. అంటే మలక్‌పేట రేసుకోర్సులో జాకీ, లారీ కింద జాకీ ఒకే ఇంటి పిల్లలు. తెలుగు వాళ్లిద్దరినీ మళ్లీ ఒకే పేరుతో పిలుస్తోంది.

ఈ కుటుంబంలో ఇద్దరు దొంగ చుట్టాలున్నారు. ఇద్దరూ మనవైపు వాళ్లే. నక్కకు ఇంగ్లీషులో పేరు జాకాల్. జాక్‌తో దానికి చుట్టరికం లేదు. సంస్కృత శృగాలం పారశీకంలో షగాల్ అయి, తురుష్కుల నోట చకాల్ అయి, 1600 ప్రాంతాల్లో ఇంగ్లీషులో దిగింది. రెండోది పనస. మలయాళీలు పనసను చక్క అంటారు. పోర్చుగీసువాళ్లకు అది జాకా. గోవాలో వైద్యం చేసిన గార్సియా ద ఓర్తా 1563లో అక్కడే అచ్చువేయించిన ఔషధాల పుస్తకంలో జాకా గురించి రాశాడు. ఇంగ్లీషువాళ్లు చెవికి అలవాటైన జాక్‌ను తగిలించి జాక్‌ఫ్రూట్ చేసుకున్నారు. ఇప్పుడు ఆ పేరుతోనే లేత పనస డబ్బాల్లో అమెరికా కొట్లలో దొరుకుతోంది. అక్కడి గోదావరి జిల్లాలవాళ్లు కొందరు దాంతో పనసపొట్టు కూర చేసుకుంటున్నారు. రెండు మూడుసార్లు కడిగి డబ్బాలోని ఉప్పునీళ్లు గట్టిగా పిండకపోతే మాత్రం ఎంత ఆవ పెట్టినా కూర కుదరదు.